ఒకే గడ్డ.. నాలుగు దారులు

బాల్బ్‌-సి జాతి తెల్ల ఎలుక. ఆడది. దాని రొమ్ములో గడ్డ దానంతటదే లేచింది. ప్రయోగశాలల్లో అలాంటి ఎలుకలు ఎన్నో వస్తుంటాయి, పోతుంటాయి. ఈ ఎలుకా పోయింది. గడ్డ మాత్రం పోలేదు. దాన్ని కోసి, కణాలను విడదీసి, పాత్రల్లో పోషక ద్రవం పోసి పెంచారు. ఆ ఒక్క గడ్డలోంచే రకరకాల కణ సంతతులు బయటపడ్డాయి. డెట్రాయిట్‌లోని మిషిగన్ క్యాన్సర్ ఫౌండేషన్‌లో ఫ్రెడ్ మిల్లర్ ఈ సంతతులను ఒక్కొక్కటిగా తీసి, ఆరోగ్యంగా ఉన్న ఎలుకల రొమ్ము కొవ్వులోకి సూదితో ఎక్కించి, ఏది ఎంతదూరం పోతుందో గమనించారు. 1992లో కరోల్ అస్లాక్సన్‌తో కలిసి ఆ ఫలితాలు ప్రచురించారు.

67ఎన్‌ఆర్ అనే సంతతి గడ్డ కట్టింది. బాగానే పెరిగింది. కానీ రొమ్ము దాటి దాని కణం ఒక్కటి కూడా ఎక్కడా దొరకలేదు. 168ఎఫ్‌ఏఆర్‌ఎన్ శోషరస గ్రంథుల దాకా, అంటే మనవాళ్లు చంకలో బిళ్లలు అనే వాటి దాకా, వెళ్లి ఆగిపోయింది. 4టీఓ7 ఊపిరితిత్తుల దాకా చేరింది గానీ అక్కడ గడ్డ కట్టలేకపోయింది. నాలుగోది 4టీ1. అది ఊపిరితిత్తుల్లో కంటికి కనిపించే గడ్డలు కట్టింది. కాలేయానికీ, ఎముకలకూ, మెదడుకూ కూడా పోగలదది.

పుట్టింది ఒకే గడ్డలో. నాలుగూ క్యాన్సర్ కణాలే, నాలుగూ ఆగకుండా పెరిగేవే. ఒకటేమో ఉన్నచోటు కదల్లేదు. ఇంకొకటి ఒళ్లంతా పాకింది. తేడా ఎక్కడుంది?

రొమ్ము క్యాన్సర్‌లో మనిషి బతుకూ చావూ తేల్చేది ఈ ప్రశ్నే. రొమ్ము తీసేసినా స్త్రీ నిండు నూరేళ్లు బతకగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో 23 లక్షల మంది స్త్రీలకు ఈ జబ్బు బయటపడింది, 6 లక్షల 70 వేల మంది చనిపోయారు. అలా పోయినవాళ్లలో చాలామంది ప్రాణం తీసింది మొదట చేతికి తగిలిన ఆ గడ్డ కాదు. అక్కడి నుంచి బయల్దేరి ఎముకలోనో కాలేయంలోనో ఊపిరితిత్తిలోనో మెదడులోనో స్థిరపడిన కణాలు.

బయల్దేరిన కణం ఎక్కడ దిగుతుందన్న ఆలోచన పాతదే. 1889లో లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది స్త్రీల రికార్డులు తిరగేశారు. రక్తం అన్ని అవయవాలకూ పోతుంది కదా, మరి కాలేయంలో అన్ని గడ్డలుంటే ప్లీహంలో అంత తక్కువెందుకు అని అడిగారు. విత్తనం నాలుగు దిక్కులా పడుతుంది, తనకు నప్పిన నేలలోనే మొలుస్తుంది అన్నారు. నూరేళ్లకు పైగా వైద్యులు ఈ పోలికను తలుచుకుంటూనే ఉన్నారు. కానీ విత్తనం చెట్టును వదిలి ఎలా బయల్దేరిందో పేజెట్ చెప్పలేదు. ఆయన కాలంలో చెప్పడం కుదరదు కూడా.

ఆ పనికి పూనుకున్నది చైనా నుంచి వచ్చిన జింగ్ యాంగ్. డ్యూక్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ ముగించి, మసాచుసెట్స్‌ రాష్ట్రం కేంబ్రిడ్జిలోని వైట్‌హెడ్ ఇన్‌స్టిట్యూట్‌లో రాబర్ట్ వైన్‌బర్గ్ దగ్గర చేరారు. వైన్‌బర్గ్ అంటే క్యాన్సర్ పరిశోధనలో చిన్న పేరు కాదు. మనిషి కణితిలో తొలి ఆంకోజీన్‌ను, అంటే క్యాన్సర్‌ను రేపే జన్యువును, 1982లో పట్టుకున్న బృందాల్లో ఒకటి ఆయనది. కణం అదుపు తప్పి ఎలా పెరుగుతుందో అప్పటికి చాలా తెలిసింది. అది ఇల్లు వదిలి ఎలా వెళ్తుందో తెలిసింది మాత్రం బహు తక్కువ.

యాంగ్ మిల్లర్ గారి నాలుగు సంతతులనే ఎంచుకున్నారు. ఈ ఎంపికలోనే సగం విజయం ఉందని నాకనిపిస్తుంది. వేర్వేరు రోగుల గడ్డలను పోల్చి చూస్తే లక్ష తేడాలు కనిపిస్తాయి, ఏది దేనికి కారణమో తేలదు. ఇక్కడ నాలుగింటి మూలం ఒకటే. జన్యువుల చురుకును ఒకేసారి కొలిచే మైక్రోఅరే మీద వాటి జన్యువులన్నింటినీ పక్కపక్కన పెట్టి, కదలనిదాంట్లో లేకుండా పాకేదాంట్లో మోగుతున్న, అంటే చురుగ్గా పనిచేస్తున్న, జన్యువేదో వెతకొచ్చు.

వెతికారు. 4టీ1లో గట్టిగా మోగుతున్న జన్యువుల్లో ఒకటి ట్విస్ట్.

ఆ పేరు క్యాన్సర్ పుస్తకాల్లోది కాదు. పండ్ల మీద ముసిరే ఈగల నుంచి వచ్చింది. జర్మనీలో క్రిస్టియానా న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషాస్ ఈగ పిండాల్లో ఒక్కో జన్యువూ చెడితే ఏమవుతుందో వరసగా చూసుకుంటూ పోయారు. ఆ కృషికి 1995లో నోబెల్ వచ్చింది. వాళ్ల జాబితాలో ఒక జన్యువు చెడితే పిండం మెలితిరిగిపోతుంది, ట్విస్ట్ అన్న పేరు అందుకే. కారణం ఏమిటంటే, పిండం మొదటి దశలో పైపొరలోని కణాలు కొన్ని పొరను వదిలి లోపలికి దిగి కండరాలుగా మారాలి. ట్విస్ట్ లేకపోతే ఆ దిగడం జరగదు. స్నెయిల్ అనే మరో జన్యువు చెడినా అంతే.

మనిషి పిండంలోనూ ఇదే. తల్లి కడుపులో మూడో వారంలో పైపొర కణాలు కొన్ని పక్క కణాల చెయ్యి వదిలి, ఆకారం మార్చుకుని, లోపలికి పాకి మధ్యపొరగా ఏర్పడతాయి. మన ఎముకలూ, కండలూ, గుండే అందులోంచి వచ్చినవే. పొరగా కుదురుగా ఉండే ఎపిథీలియల్ కణం, ఒంటరిగా తిరిగే మీసెన్‌కైమల్ కణంగా మారే ఈ మార్పును శాస్త్రవేత్తలు ఈఎంటీ అంటారు. అది చేసుకోకుండా మనలో ఎవరమూ పుట్టలేదు.

పిండానికే పరిమితం అనుకున్న ఈ మార్పును పాత్రలోనూ రప్పించవచ్చని చూపిన మనిషి ఎలిజబెత్ హే. హార్వర్డ్ మెడికల్ స్కూల్ ప్రొఫెసర్. కోడి పిండాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఏళ్ల తరబడి చూసిన కళ్లు ఆమెవి. 1982లో గ్యారీ గ్రీన్‌బర్గ్‌తో కలిసి ఆమె కంటి కటకం పైపొర కణాలను కొల్లాజెన్ జెల్లులో ముంచి ఉంచారు. పొర కణానికి పైవైపూ అడుగూ అని ఉంటాయి. అడుగు ఒక పలుచని పీఠానికి ఆని ఉంటుంది. జెల్లు మధ్యలో వేలాడుతుంటే ఏది పైనో ఏది కిందో ఆ కణానికి తెలియదు. అప్పుడు కొన్ని కణాలు సాగాయి. ముందుకు సన్నటి పోగులు చాచాయి. పక్క కణాన్ని వదిలేసి జెల్లులో నడిచి వెళ్లిపోయాయి. పిండ దశ ఎప్పుడో దాటిన కణాలకు కూడా ఆ పాత విద్య గుర్తుంది. ఈ రంగంలో హే గారికి దక్కాల్సినంత పేరు మామూలు పాఠకుల్లో దక్కలేదు. ఆమె 2007లో కన్నుమూశారు.

మళ్లీ కేంబ్రిడ్జికి వద్దాం. ఒక జన్యువు ఎక్కువ మోగుతోందంటే అదే దోషి అని రుజువైనట్టు కాదు. యాంగ్ 4టీ1 కణాల్లో ట్విస్ట్ నోరు నొక్కారు. చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలతో ఆ ఒక్క జన్యువునే పనిచెయ్యనివ్వకుండా ఆపే పద్ధతి అప్పటికి కొత్తగా చేతికొచ్చింది. ఒక గుంపు ఎలుకలకు మామూలు 4టీ1, ఇంకో గుంపుకు ట్విస్ట్ మూగబోయిన 4టీ1 ఎక్కించారు.

రెండు గుంపుల్లోనూ రొమ్ములో గడ్డ లేచింది. ఒకే వేగంతో పెరిగింది. పైనుంచి ఎలుకను చూసేవాళ్లకు తేడా తెలియదు. తేడా ఊపిరితిత్తులు తెరిచి చూసినప్పుడు తెలిసింది. మొదటి గుంపు ఊపిరితిత్తుల నిండా గడ్డలు. రెండో గుంపులో బాగా తగ్గిపోయాయి. రక్తంలో తిరుగుతున్న క్యాన్సర్ కణాలూ తగ్గాయి. అంటే ట్విస్ట్ లేని కణం గడ్డను పెంచగలదు, గడ్డను వదిలి రక్తంలోకి దిగడం దానికి కష్టం. 2004 జూన్‌లో సెల్ పత్రికలో ఈ వ్యాసం వచ్చింది. గడ్డ పెరగడం వేరు, పాకడం వేరు అని ఇంత స్పష్టంగా ఒక్క జన్యువుతో చూపడం చదివినవాళ్లను కుదిపేసింది.

ఆ దిగడం ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం. రొమ్ములో పాలనాళం లోపల కణాలు వరసగా ఉంటాయి. పక్కపక్క కణాలను అంటిపెట్టి ఉంచేది ఇ-క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీన్. క్యాల్షియం ఉంటేనే అది పట్టు బిగిస్తుంది. ఈ క్యాడ్‌హెరిన్ల కుటుంబాన్ని జపాన్‌లో మసతోషి తకెయిచి వెలికితీశారు. గడ్డ అంచున, చుట్టూ ఉన్న కణాలు టీజీఎఫ్-బీటా వంటి సంకేతాలు పంపుతుంటాయి. అవి తగిలిన క్యాన్సర్ కణంలో స్నెయిల్, ట్విస్ట్ మేలుకుంటాయి. స్నెయిల్ నేరుగా వెళ్లి ఇ-క్యాడ్‌హెరిన్ జన్యువు మీద కూర్చుని దాన్ని నొక్కేస్తుంది. 2000లో స్పెయిన్‌లోని రెండు బృందాలు, మాడ్రిడ్‌లో అంపారో కానో, ఏంజెలా నియెటోలది ఒకటి, బార్సిలోనాలో ఆంటోనియో గార్సియా ద హెరెరోస్‌ది ఇంకొకటి, ఒకే నెలలో ఈ సంగతి బయటపెట్టాయి. పట్టు సడలుతుంది. కణం లోపలి అస్థిపంజరం మారుతుంది, విమెంటిన్ అనే పోగులు పెరుగుతాయి. గుండ్రటి కణం కోలగా సాగుతుంది. కిందనున్న పీఠాన్ని కరిగించే ఎంజైములు వదులుతుంది. ఆ కన్నంలోంచి దూరి, కొల్లాజెన్ పోగుల వెంట పాకి, ఒక సన్నటి రక్తనాళం గోడను తోసుకుని లోపలికి జారుతుంది. ఆ స్త్రీకి అప్పుడేమీ తెలియదు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. గడ్డకు సూది గుచ్చితే పాకుతుందనీ, కత్తి తగిలితే రేగుతుందనీ మన ఊళ్లలో గట్టి నమ్మకం. ఆ భయంతో ముక్క పరీక్షకు వెళ్లకుండా నెలలు గడిపేసే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2005లో స్టెఫాన్ బ్రౌన్ బృందం 4,703 మంది రోగుల వివరాలు కలిపి చూసింది. వాళ్లంతా పైకి వేరే అవయవాలకు పాకని దశల్లో ఉన్నవాళ్లే. జబ్బు తేలినప్పుడే వాళ్ల ఎముక మజ్జలో వెతికితే 30.6 శాతం మందిలో క్యాన్సర్ కణాలు దొరికాయి. సర్జన్ కత్తి కోసం కణం కాచుకుని కూర్చోదు. దానికి బయల్దేరే విద్య సొంతంగా ఉంది. ఆలస్యం చేసిన ప్రతి నెలా ఆ విద్య వాడుకోవడానికి దానికి దొరికిన నెల.

యాంగ్ వ్యాసం వచ్చిన మరుసటి ఏడాదే గట్టి అభ్యంతరం వచ్చింది. డేవిడ్ టారిన్ అనే పాథాలజిస్టు, క్యాన్సర్‌లో ఈఎంటీ అనేదే భ్రమ అని వాదించారు. రోజూ గాజు పలక మీద గడ్డ ముక్కలు చూసేవాళ్ల తరఫు నుంచి ఆ ప్రశ్న న్యాయమైనదే. కణాలు నిజంగా మీసెన్‌కైమల్‌గా మారిపోతే ఊపిరితిత్తిలోనో కాలేయంలోనో దొరికే గడ్డ వేరే రూపంలో ఉండాలి కదా? అలా ఉండదు. రొమ్ములోని గడ్డ ఎలా ఉందో అక్కడి గడ్డా అలాగే పొర కణాలతోనే కనిపిస్తుంది. చాలాసార్లు ఇ-క్యాడ్‌హెరిన్‌తో సహా.

దీనికి సమాధానం 2012లో వచ్చింది. ఇచ్చినవాళ్లలో మళ్లీ జింగ్ యాంగే ఉన్నారు. అప్పటికి ఆమె శాన్ డియాగోలో సొంత ప్రయోగశాల నడుపుతున్నారు. ఈసారి చర్మం క్యాన్సర్ ఉన్న ఎలుకలు. డాక్సీసైక్లిన్ తగిలితేనే ట్విస్ట్ మోగేలా వాటి కణాలను మార్చారు. కొన్ని ఎలుకలకు ఆ మందు నోటి ద్వారా ఇచ్చారు. అంటే ఒంట్లో ఎక్కడికి పోయినా కణంలో ట్విస్ట్ ఆన్‌లోనే ఉంటుంది. కొన్నింటికి గడ్డ మీద మాత్రమే పూశారు. అంటే గడ్డలో ఉన్నంతసేపే ట్విస్ట్ ఉంటుంది, కణం అక్కణ్నుంచి కదిలాక ఆగిపోతుంది. రెండు గుంపుల్లోనూ కణాలు రక్తంలోకి దిగాయి. ఊపిరితిత్తుల్లో గడ్డలు ఎక్కువ లేచింది మాత్రం పూత వేసిన ఎలుకల్లో.

అంటే వెళ్లడానికి ట్విస్ట్ కావాలి. దిగినచోట కాపురం పెట్టాలంటే ట్విస్ట్ పోవాలి. సంచారం చేసే కణం పెరగడం తగ్గించేస్తుంది. అది మళ్లీ పొర కణంగా మారితేనే పిల్లలను కంటుంది, గడ్డ కడుతుంది. నియెటో బృందం అదే ఏడాది పీఆర్‌ఆర్‌ఎక్స్1 అనే వేరే జన్యువుతో ఇదే మాట చెప్పింది. పాథాలజిస్టు చూసే గాజు పలక మీద ఉన్నది ప్రయాణం ముగించి పాత రూపానికి తిరిగొచ్చిన కణం. మధ్యదారిలో ఉన్న కణం ఆయన బల్ల మీదకు రావడం అరుదు.

అయితే రక్తంలో దొరుకుతుంది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో డేనియల్ హేబర్, శ్యామల మహేశ్వరన్‌ల బృందం రొమ్ము క్యాన్సర్ రోగుల రక్తంలోంచి క్యాన్సర్ కణాలను ఏరి, ఒక్కొక్కదానికీ రంగు వేసి చూసింది. ఎపిథీలియల్ గుర్తులకు ఒక రంగు, మీసెన్‌కైమల్ గుర్తులకు ఇంకొకటి. ఒక రోగిని అయితే చికిత్స సాగినన్నాళ్లూ వెంట ఉండి చూశారు. మందు పనిచేసినప్పుడు ఆమె రక్తంలో మీసెన్‌కైమల్ కణాలు తగ్గేవి. మందు పనిచెయ్యడం మానేసి జబ్బు ముదిరినప్పుడు మళ్లీ పెరిగేవి. మందు మార్చాక తగ్గేవి, మళ్లీ పెరిగేవి. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ గ్రాఫును నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఆ గీత ఎక్కుతూ దిగుతూ పోయిన ప్రతిచోటా ఆమె ఇంట్లో ఒక ఆశ, ఒక కుంగుబాటు ఉండి ఉంటాయి.

కీమోకు ఈ కణాలు ఎందుకు లొంగవు? దీనికి 2008లోనే ఒక దారి దొరికింది. వైన్‌బర్గ్ ప్రయోగశాలలోనే భారతీయ శాస్త్రవేత్త సెందురై మణి మామూలు రొమ్ము కణాల్లో స్నెయిల్‌నో ట్విస్ట్‌నో మోగించారు. కణాలు రూపం మార్చుకోవడంతో ఆగలేదు. మూల కణాల లక్షణాలు కూడా తెచ్చుకున్నాయి. సీడీ44 ఎక్కువ, సీడీ24 తక్కువ ఉండే గుర్తులతో సహా. రొమ్ము గడ్డల్లో కొత్త గడ్డను మొలిపించే సత్తా అలాంటి గుర్తులున్న కణాలకే ఎక్కువ అని మైకేల్ క్లార్క్ బృందం 2003లోనే చూపింది. పాకే కణమూ, మందును తట్టుకునే కణమూ, మళ్లీ మొలిపించే కణమూ ఒకే చోట కలిశాయి.

ఇంతటితో కథ తేలిపోలేదు. 2015లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ బృందం, ఈఎంటీ జరిగిన కణాలకు చెరగని గుర్తు వేసి ఎలుకల్లో వెంబడించింది. ఊపిరితిత్తుల్లోని గడ్డలు చాలావరకు ఆ గుర్తు లేని కణాల నుంచే వచ్చాయి. అయితే సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందును గుర్తున్న కణాలే బాగా తట్టుకున్నాయి. వాళ్లు వాడిన గుర్తు అన్ని ఈఎంటీలనూ పట్టదని ఎదుటి పక్షం వాదించింది. 2019లో జాన్స్ హాప్కిన్స్‌లో వీణా పద్మనాభన్, ఆండ్రూ ఇవాల్డ్‌లు ఇంకా పెద్ద మెలిక పెట్టారు. వాళ్లు రొమ్ము క్యాన్సర్ ఎలుకల్లో ఇ-క్యాడ్‌హెరిన్‌ను పూర్తిగా తీసేశారు. పాత లెక్కన కణాలు విచ్చలవిడిగా పాకాలి. చుట్టుపక్కలకు నిజంగానే బాగా చొచ్చుకుపోయాయి. దూరాన మాత్రం గడ్డలు తగ్గాయి! పట్టు పూర్తిగా పోయిన కణం దారిలోనే చచ్చిపోతోంది.

నాకు అర్థమైనంతలో ఈ తగువు వల్ల లాభమే జరిగింది. కణం అటో ఇటో పూర్తిగా మారిపోతుందన్న లెక్క సడలింది. ప్రమాదకరమైనది మధ్యలో ఉన్న కణం. పక్కవాళ్ల చెయ్యి కాస్త పట్టుకునే ఉంటుంది, నడవడమూ వచ్చి ఉంటుంది. అలాంటివి గుంపులుగా కదులుతాయి. ఈ సగం సగం స్థితులు ఎలా నిలబడతాయో గణితంతో లెక్కకట్టేవాళ్లలో బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన మోహిత్ కుమార్ జాలీ బృందం ముందుంది. 2020లో ఈ రంగంలోని శాస్త్రవేత్తలు ఎందరో కలిసి, ఒక్క గుర్తు చూసి ఈఎంటీ జరిగిందని తీర్పు చెప్పకూడదని నియమాలు రాసుకున్నారు. ఆ పత్రంలో మొదటి పేరు జింగ్ యాంగ్‌దే.

ఇక చికిత్స. వెళ్లే కణాన్ని ఆపుదామంటే చాలామందిలో అది అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. వెళ్లినదాన్ని బలవంతంగా పొర కణంగా మారిస్తే అది అక్కడే గడ్డ కట్టవచ్చు. రెండు వైపులా చిక్కే. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో డానా ఇషే-రోనెన్, గెర్హార్డ్ క్రిస్టోఫోరి మూడో దారి పట్టారు. మారే గుణం దానికుంది కదా, ఇంకోలా మారుద్దాం అనుకున్నారు. ఈఎంటీలో ఉన్న రొమ్ము క్యాన్సర్ కణాలకు రెండు మందులు కలిపి ఇచ్చారు. ఒకటి ఒకప్పుడు షుగర్‌కు వాడిన రోసిగ్లిటాజోన్. రెండోది మెలనోమాకు వాడే ట్రామెటినిబ్. గడ్డ అంచున చొచ్చుకుపోతున్న కణాలు కొవ్వు కణాలయ్యాయి. లోపల కొవ్వు బొట్లు పేరుకున్నాయి, విభజన ఆగిపోయింది, తిరిగి క్యాన్సర్ కణాలుగా మారలేదు. మనిషి రొమ్ము క్యాన్సర్ కణాలను ఎలుకల్లో పెంచి చూసినా అదే జరిగింది, దూరాన గడ్డలు తగ్గాయి. 2019 జనవరిలో వచ్చిన ఆ ఫలితం ఎలుకలది. ఆ రెండు మందులూ మనుషుల కోసం అప్పటికే ఆమోదం పొందినవి కావడంతో, కొత్త మందు మొదట్నుంచీ తయారుచేసుకోవాల్సిన ఏళ్ల పని మాత్రం వాళ్లకు తప్పింది.